తమ్ముడు రాసిన అన్న కథ

1829లో కలకత్తాలో ఒక ఇంగ్లీషు పుస్తకం అచ్చయింది. దక్కను కవుల జీవితాలను చిన్న చిన్న వ్యాసాలుగా కూర్చిన పుస్తకం అది. సంస్కృతం, తెలుగు, తమిళం మొదలైన భాషల్లో రాసిన వందమందికి పైగా కవులు అందులో ఉన్నారు. రాసినవాడు ఏలూరు మనిషి, పేరు కావలి వెంకట రామస్వామి. పేజీలు తిప్పుతూ పోతే, పాతకాలపు మహాకవుల మధ్య, చనిపోయి అప్పటికి పాతికేళ్లు దాటిన ఒక యువకుడు కనిపిస్తాడు. కావ్యం రాసి లోకంలో పేరు తెచ్చుకున్నవాడు కాదు. ఏ రాజుకూ అంకితమిచ్చి పల్లకీ ఎక్కినవాడూ కాదు. కంపెనీ సర్వే కొలువులో ఊళ్లు పట్టుకు తిరిగి, ఇరవయ్యేడేళ్లయినా దాటకుండా కన్నుమూసినవాడు. పేరు కావలి వెంకట బొర్రయ్య. గ్రంథకర్తకు స్వయానా అన్న.

తమ్ముడు అన్నను తీసుకెళ్లి కవుల బంతిలో కూచోబెట్టాడు. ఎందుకు కూచోబెట్టాడన్నది కాస్త నిదానంగా చూడాల్సిన సంగతి.

బొర్రయ్య జీవితానికి దొరికే సాక్ష్యాలు ముఖ్యంగా మూడు. ఒకటి ఇంటి సాక్ష్యం, తమ్ముడు రాసిన ఈ వ్యాసం. రెండోది కచేరీ సాక్ష్యం, అతను ఎవరి దగ్గర పనిచేశాడో ఆ దొర రాసుకున్న ఉత్తరం. మూడోది అతని పేరుతోనే అచ్చయిన ఒకే ఒక్క వ్యాసం. మొదటి రెండూ ప్రేమతో రాసినవే, కానీ ఎవరి అవసరం వాళ్లకుంది. మూడోదానిలో ప్రేమ లేదు, అవసరమూ లేదు. అందుకే అది తూకానికి పనికొస్తుంది.

బొర్రయ్య పుట్టింది 1776లో, ఏలూరులో. అంతకు పదేళ్ల ముందే, 1766లో, నిజాంతో జరిగిన ఒడంబడికతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. మచిలీపట్నంలో కంపెనీ కౌన్సిలు కూర్చుని శిస్తులూ తగాదాలూ చూసేది. కావలివారు నియోగులు. లెక్కలు రాయడం, దస్త్రాలు కాపాడటం, దొరతనంవారికీ ఊరివారికీ మధ్య నిలబడి మాట నడిపించడం నియోగి కుటుంబాలకు తరాల వృత్తి. గోల్కొండ నవాబుల కాలంలో పారసీ నేర్చారు, మరాఠీ వ్యవహారం వచ్చినప్పుడు మోడి లిపి నేర్చారు. ఇప్పుడు రోడ్డు ఇంగ్లీషు వైపు తిరిగింది. ఏ తరానికి ఏ భాష అన్నం పెడుతుందో ముందుగా పసిగట్టడం ఈ ఇళ్లలో అరుగుల మీదే నేర్చుకునే విద్య.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు సంస్కృతం, తెలుగు ఇంటి చదువుగా, మిగతా భాషలు కొలువు చదువుగా నేర్చుకున్నాడు. తమ్ముడి మాటల్లో అతని చురుకుదనానికి హద్దు లేదు. తమ్ముళ్లు అన్నల గురించి అలాగే రాస్తారు, అందులో వింత లేదు. అయితే ఆ పొగడ్తను కొంచెం పక్కన పెట్టి చూసినా, పదిహేనేళ్లకే బొర్రయ్య కళ్లముందు ఎన్ని జరిగిపోయాయో గమనించాలి. 1790 నుంచి 1792 దాకా సర్కారు జిల్లాలను పెద్ద కరువు ఊడ్చేసింది. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. జమీందారులు పేష్కషు కట్టలేక కంపెనీకి బాకీ పడ్డారు. దస్త్రం చదవగలిగినవాడికీ చదవలేనివాడికీ మధ్య తేడా ఎంతో ఆ తరం కుర్రాళ్లు ఒకరు చెబితే నేర్చుకోలేదు, చూసి నేర్చుకున్నారు.

ఇదే కాలానికి చెందిన మరో నియోగి ఉన్నాడు. ఒంగోలు వైపు మనిషి వెన్నెలకంటి సుబ్బారావు, 1784లో పుట్టాడు. అతనూ ఇంగ్లీషు నేర్చాడు, అతనూ కంపెనీ కొలువుల్లో మెట్టు మెట్టుగా ఎక్కి మద్రాసు సదరు కోర్టులో 1815 నుంచి 1829 దాకా దుబాసీగా, అనువాదకుడిగా పనిచేశాడు. 1839 దాకా బతికాడు కాబట్టి తన కథ తానే ఇంగ్లీషులో రాసుకున్నాడు. కొడుకు దాన్ని 1873లో మద్రాసులో అచ్చు వేయించాడు. బొర్రయ్యకు ఆ వ్యవధి దక్కలేదు. అతని కథ ఎవరో ఒకరు రాయాలి. రాసినవాళ్లు ఇద్దరు, ఒకడు పైవాడు, ఒకడు వెనకవాడు.

పైవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండుకు పడమరగా సముద్రంలో ఉన్న లూయిస్ దీవి, స్టోర్నోవే ఊరు. 1783లో మద్రాసులో దిగాడు. ఇంజనీరు ఉద్యోగం. హిందువుల గణితం మీద, పాత శాస్త్రాల మీద ఆసక్తితో వచ్చినవాడే కానీ, మొదటి పదమూడేళ్లూ యుద్ధాలతో, కోటలతో, రోడ్ల కొలతలతో గడిచిపోయాయి. 1794లో నల్లమలలో సర్వే చేస్తూ శ్రీశైలం చేరాడు. గుడి ప్రాకారం మీద వరసలు వరసలుగా చెక్కిన ఏనుగులను, గుర్రాలను, వేటలను, పురాణ కథలను చూసి ఆశ్చర్యపోయి పత్రికకు వివరంగా రాసి పంపాడు. ఆ వ్యాసం ఇప్పుడు చదివితే అతని కన్ను ఎంత పదునైనదో తెలుస్తుంది. ఆ కన్నుకు తోడు నాలుక లేదన్న సంగతీ తెలుస్తుంది. ఎదుట ఉన్న శాసనం ఏం చెబుతోందో, ఆ బొమ్మలో ఉన్న కథ ఏదో ఎవరైనా చెబితే వినాలి. చెప్పేవాడు నమ్మదగినవాడై ఉండాలి.

సిలోన్ దండయాత్ర ముగించుకుని 1796లో తిరిగి వచ్చాక ఆ మనిషి దొరికాడు.

ఇరవై ఏళ్ల తర్వాత, 1817 ఫిబ్రవరి 1న, సిలోన్ ప్రధాన న్యాయమూర్తి అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు మద్రాసు నుంచి రాసిన ఉత్తరంలో మెకంజీ ఆ సంగతి చెప్పాడు. తనకు దేశభాషలు రావని ఒప్పుకున్నాడు. భారతీయ విద్య అనే గుమ్మంలోకి తనను మొదట నడిపించినవాడు ఒక బ్రాహ్మణ యువకుడనీ, అప్పటికి ఇంకా కుర్రవాడేననీ, చురుకైన బుద్ధి, కలుపుగోలు స్వభావం ఉన్నవాడనీ రాశాడు. చిన్న వయసులోనే అతను పోయినా, అతను వేసిన దారిలోనే అతని తోబుట్టువులూ శిష్యులూ పని సాగించారనీ, దాంతో ఒక వ్యవస్థే ఏర్పడిందనీ అన్నాడు. ఆ బ్రాహ్మణుడు బొర్రయ్యే. కంపెనీ అధికారులు తమ పండితుల గురించి, మున్షీల గురించి రాసిన లక్షల కాగితాల్లో ఇలా బాకీ ఒప్పుకున్న మాటలు బహు తక్కువ. చాలామందికి మున్షీ అంటే నెలజీతం పద్దులో ఒక గీత, అంతే.

మెకంజీ ఆ ఉత్తరం రాసేనాటికి దేశం మొత్తానికీ సర్వేయర్ జనరల్. తాను కూడబెట్టినదంతా వట్టి పోగు కాదనీ దాని వెనక ఒక పద్ధతి ఉందనీ లోకానికి చెప్పుకోవలసిన స్థితిలో ఉన్నాడు. పద్ధతి ఎక్కడ మొదలైందని అడిగితే చెప్పడానికి ఒక మూలపురుషుడు కావాలి. చనిపోయినవాడు మూలపురుషుడిగా బాగా ఒదుగుతాడు. దీనర్థం మెకంజీ అబద్ధం రాశాడని కాదు. ఆ మాటల్లో దుఃఖమూ ఉంది, లెక్కా ఉంది. రెండూ కలిసే ఉంటాయి.

బొర్రయ్య కొలువులో చేరిన మరుసటి ఏడాది, 1797లో, మెకంజీ కృష్ణ ఒడ్డున అమరావతికి వెళ్లాడు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త రాజధాని కట్టుకుంటున్న రోజులవి. దీపాలదిన్నె అని ఊరివాళ్లు పిలిచే మట్టిదిబ్బను తవ్వి ఇటుకలూ రాళ్లూ కట్టడాలకు తరలిస్తున్నారు. ఆ దిబ్బే అమరావతి మహాస్తూపం. అక్కడి పలకల మీద శిల్పాలు చూసిన మెకంజీ అది ఏ మతానిదో తేల్చుకోలేకపోయాడు. దీపాలదిన్నె దగ్గర పాత నాణేలను కనిపెట్టింది బొర్రయ్యేనని తమ్ముడు రాశాడు. ఒక శిలాఫలకం మీద ఉన్న హళగన్నడ అక్షరాలను చదివి విప్పిందీ అతనేననీ, ఆ ఫలకం తాను రాసేనాటికి కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో ఉందనీ చెప్పాడు. తమ్ముడు గొప్పలకు పోయాడా అని అనుమానించే పాఠకుడు ఒక్క విషయం గమనించాలి. రామస్వామి ఆ పుస్తకం వేసింది ఆ మ్యూజియం ఉన్న ఊళ్లోనే. వెళ్లి చూసుకోగలిగిన పాఠకుల ఎదుట వస్తువును పేరు పెట్టి చూపిస్తున్నాడు. ఇంటి గొప్ప చెప్పుకునేవాడు మామూలుగా ఎవరూ వెళ్లి చూడలేని చోటికి సాక్ష్యాన్ని తోలేస్తాడు.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాన్ మరణించాడు. మైసూరు రాజ్యాన్ని కంపెనీ, నిజాం, ఒడయార్ల మధ్య పంచారు. పంచిన నేలకు పటం కావాలి, సరిహద్దులు కావాలి. ఆ సర్వే మెకంజీకి అప్పగించారు. 40,000 చదరపు మైళ్ల పని. కొండల మీద జెండాలు పాతి కోణాలు కొలవడం ఒక భాగం. అది ఇంజనీర్ల పని. దాదాపు అదే సమయంలో, 1802లో, మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ తన ఆధారరేఖ కొలవడం మొదలుపెట్టాడు. లాంబ్టన్‌కు కావలసింది భూమి ఆకారం. మెకంజీకి ఆ భూమి మీద ఉన్న ఊళ్లూ, చెరువులూ, ఇనాములూ, గుళ్లూ, వాటి వెనక కథలూ కూడా కావాలి. ఆ రెండో భాగం థియోడలైటుతో అయ్యే పని కాదు.

ఊళ్లోకి దొర వచ్చాడంటే జనం తలుపులు వేసుకుంటారు. అడిగే ప్రతి ప్రశ్న వెనకా కొత్త పన్ను ఉంటుందని వాళ్ల భయం, ఆ భయానికి కారణాలు లేకపోలేదు. మీ ఊరికి అగ్రహారం ఎవరిచ్చారని అడిగితే ఆ అగ్రహారం ఊడబెరుకుతారేమోనని అనుకుంటారు. రాగి శాసనం చూపించమంటే దాచేస్తారు. ముందుగా వెళ్లి, గుడి అరుగు మీద కూర్చుని, ఊరి పెద్దలతో సంబంధం కలిపి, ఇది శిస్తు కోసం కాదని నమ్మించి, కరణం చేత కవిలె కట్ట విప్పించే మనిషి కావాలి. బొర్రయ్య అన్ని రకాల జనాన్నీ మంచి చేసుకోగలవాడని తమ్ముడు రాశాడు. మెకంజీ ఉత్తరంలో కనిపించే కలుపుగోలుతనమూ ఇదే. ఇద్దరు సాక్షులూ విడివిడిగా ఒకే గుణాన్ని పట్టుకున్నారంటే అది నిజమయ్యే ఉంటుంది.

ఆ కవిలె కట్టల్లో ఏముండేదో తెలిస్తే ఈ పని బరువు అర్థమవుతుంది. కరణం ఇంట్లో తాటాకుల మీద తరతరాలుగా రాసుకున్న లెక్క ఉంటుంది, దండకవిలె అంటారు. ఊరు ఎవరు కట్టారు, ఏ రాజు ఏ చేను ఎవరికిచ్చాడు, ఏ దేవుడికి ఎంత మాన్యం, ఎవరి మిరాశీ ఏమిటి, ఏ కరువులో ఎవరు ఊరొదిలి పోయారు, ఇవన్నీ అందులో ఉంటాయి. దాన్ని చూసి, గుడి గోడ మీద శాసనం చూసి, ముసలివాళ్లు చెప్పింది విని రాసిన వృత్తాంతమే కైఫియతు. గుంటూరు ప్రాంతపు కైఫియతులు చదివినవాళ్లకు గోపరాజు రామన్న పేరు కొట్టిన పిండి. కాకతి గణపతిదేవుడి మంత్రి, గ్రహణ సమయంలో ఊరూరికీ కరణీకపు మిరాశీలను నియోగులకు ఇచ్చాడని ఆ కైఫియతులు చెబుతాయి. రాసింది కరణమే, కరణీకం తన వంశానికి ఎలా వచ్చిందో చెప్పుకున్నదీ అతనే. ఊరి చరిత్ర పేరుతో రాసినదాంట్లో సగం కుటుంబ పత్రమే. దాన్ని అబద్ధమని పారేసేవాడు చరిత్ర రాయలేడు, నిజమని నెత్తిన పెట్టుకునేవాడూ రాయలేడు.

ఇలాంటి కాగితాల మధ్య పెరిగిన ఇంటివాడు కాబట్టే బొర్రయ్యకు ఏ కట్ట ఎవరి దగ్గర ఉంటుందో, దాన్ని ఎలా అడగాలో, ఏ మాట ఎంతవరకు నమ్మాలో తెలుసు. మెకంజీ తన పద్ధతి అని చెప్పుకున్నది చాలావరకు నియోగి ఇళ్ల పద్ధతే. కరణం శిస్తు కోసం చేసేదాన్ని ఇక్కడ చరిత్ర కోసం చేశారు. ఈ మాట మెకంజీ గొప్పతనాన్ని తగ్గించదు. ఆ పనికి సొంత డబ్బు పెట్టాలని, ఏళ్ల తరబడి పట్టుదలగా సాగించాలని అనుకున్నది అతనొక్కడే.

ఇక మూడో సాక్ష్యం. ఏషియాటిక్ సొసైటీ వేసిన పరిశోధనా సంపుటాల్లో తొమ్మిదోది 1807లో కలకత్తాలో వెలువడింది. అందులో జైనుల గురించి ఒక వృత్తాంతం ఉంది. ముద్గేరి అనే చోట ఒక జైన గురువు చెప్పగా సేకరించినదనీ, మేజర్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య అనే బ్రాహ్మణుడు అనువదించాడనీ శీర్షికలోనే రాసి ఉంది. అదే సంపుటంలో మెకంజీ దినచర్య నుంచి తీసిన భాగాలున్నాయి, ఆ వెనకే కోల్‌బ్రూక్ రాసిన జైన వ్యాసం ఉంది. ఆ రోజుల్లో యూరప్ పండితులకు జైనులెవరో, బౌద్ధులెవరో సరిగా తెలియదు. ఒకరి శాఖే మరొకరనీ, ఇద్దరూ ఒకటేననీ వాదనలు నడుస్తున్నాయి. బతికి ఉన్న ఒక జైన గురువు నోటి నుంచి వాళ్ల ఆచారం, వాళ్ల తీర్థంకరులు, వాళ్లు లోకాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నది నేరుగా అచ్చులోకి రావడం ఆ చర్చకు గట్టి నేల ఇచ్చింది.

ఇందులో ఇంకో విశేషం ఉంది. అడిగినవాడు వైదిక సంప్రదాయంలో పుట్టిన బ్రాహ్మణుడు, చెప్పినవాడు జైనుడు. శతాబ్దాలుగా ఒకరినొకరు కాదనుకున్న రెండు మతాల మనుషులు. మెకంజీ సర్వే అవసరం వాళ్లను ఒకచోట కూర్చోబెట్టింది. గురువు చెప్పినదానికి బొర్రయ్య తన ఖండన తగిలించి పెట్టలేదు, గురువు మాటగానే దాటించాడు. ఇరవై నాలుగైదేళ్ల కుర్రవాడికి ఆ సంయమనం ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఎదుటివాడి దస్త్రాన్ని దిద్దకుండా నకలు తీయడం అతని ఇంటి వృత్తి గనక అనుకోవచ్చు.

ఆ సంపుటం అచ్చయ్యేనాటికి బొర్రయ్య లేడు. 1803లో చనిపోయాడు. మెకంజీ దగ్గర చేరి ఏడేళ్లు. మైసూరు సర్వే ఇంకా సగం దారిలోనే ఉంది. అడవుల్లో, చెరువుల గట్ల మీద డేరాలు వేసుకుని తిరిగే ఆ పటాలాన్ని జ్వరాలు పీడించేవి. మెకంజీయే పలుమార్లు మంచాన పడ్డాడు, ఇంగ్లీషు సహాయకులు కొందరు ఆరోగ్యం చెడి తప్పుకున్నారు. సర్వే అంటే అప్పట్లో ఒంటిని పణంగా పెట్టడమే.

అతని చోటులోకి తమ్ముడు లక్ష్మయ్య వచ్చాడు. కొలువులో అన్న పోతే తమ్ముడు రావడం ఆ కాలానికి మామూలే, కానీ ఈ తమ్ముడు వారసత్వంగా వచ్చిన కుర్చీలో ఊరికే కూచోలేదు. నారాయణరావు, నిటల నాయన, ఆనందరావు వంటి సేకర్తలను దక్షిణదేశం నలుమూలలా పంపడం, వాళ్లు నెలనెలా పంపే రిపోర్టులు చదవడం, వచ్చిన కట్టలను వర్గాలు చేయడం అతని చేతుల మీదుగా జరిగింది. 1816లో థామస్ హికీ గీసిన తైలవర్ణ చిత్రంలో ఎర్రకోటు మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులున్నారు. ఒకరు తాటాకు పట్టుకున్న జైన పండితుడు ధర్మయ్య. ఒకరు టెలిస్కోపు పట్టుకున్న బంట్రోతు కృష్ణాజీ. మూడోవాడు లక్ష్మయ్య అని పరిశోధకులు భావిస్తారు. వెనక దూరాన కార్కళ గోమటేశ్వరుడు నిలబడి ఉంటాడు. గుమ్మం చూపించినవాడు ఆ బొమ్మకు పదమూడేళ్ల ముందే వెళ్లిపోయాడు.

మెకంజీ 1821 మే 8న పోయాడు. అతను వదిలినదాన్ని కంపెనీ 10,000 పౌండ్లకు కొన్నది. హొరేస్ హేమన్ విల్సన్ పట్టిక తయారుచేసి 1828లో రెండు సంపుటాలుగా అచ్చు వేశాడు. లెక్క ఇదీ: వ్రాతప్రతులు 1,568, స్థానిక వృత్తాంతాలు 2,070, శాసనాల నకళ్లు 8,076, అనువాదాలు 2,159, బొమ్మలు 2,630, నాణేలు 6,218. ఒక్క మనిషి పేరు మీద ఇంత సరుకు ఉందంటే, దాని వెనక ఎంతమంది కాళ్లు అరిగి ఉంటాయో ఊహించవచ్చు. పట్టిక పేరు మాత్రం మెకంజీ సేకరణ. కావలివారు ముందుమాటలోకి వెళ్లారు, జాన్‌స్టన్‌కు రాసిన ఆ ఉత్తరంతో పాటు.

తమ్ముడి పుస్తకం వచ్చింది ఆ మరుసటి సంవత్సరమే.

ఇప్పుడు ఆ అన్న వ్యాసాన్ని మళ్లీ చదివితే దాని అవసరం కనిపిస్తుంది. దొర పోయాడు. అతన్ని నమ్ముకుని మద్రాసు వదిలి కలకత్తా వెళ్లిన కుటుంబానికి అండ పోయింది. కంపెనీ దగ్గర ఏ అర్జీ పెట్టుకోవాలన్నా తమ ఇల్లు ఏం చేసిందో రుజువు చేయాలి. రామస్వామి మొదటి నుంచీ పుస్తకాన్నే అర్జీగా వాడుకోవడం తెలిసినవాడు. 1825లో వెంకటాధ్వరి విశ్వగుణాదర్శాన్ని ఇంగ్లీషు చేశాడు, 1828లో దక్కనులోని ఊళ్లనూ క్షేత్రాలనూ వర్ణిస్తూ పుస్తకం రాశాడు. 1829లో కవుల మధ్య అన్నను నిలిపాడు. గుంటూరు కరణం గోపరాజు రామన్నను ఎందుకు తలచుకున్నాడో, రామస్వామి బొర్రయ్యను అందుకే తలచుకున్నాడు: హక్కు ఎక్కడ మొదలైందో చూపించడానికి. అంతమాత్రాన అది కల్ల కాదు. ఇంగ్లీషు పాఠకుడికి అర్థమయ్యే రూపంలో రాసిన వంశపత్రం. దాని మీద నమ్మకం ఎంత ఉంచాలో తేల్చడానికి మెకంజీ ఉత్తరం, తొమ్మిదో సంపుటం ఉండనే ఉన్నాయి. మూడూ పక్కపక్కన పెడితే పొగడ్త మాటలు కొన్ని రాలిపోతాయి. మనిషి మాత్రం నిలుస్తాడు.

ఆ అర్జీ ఫలించిందా అంటే, లక్ష్మయ్య విషయంలో ఏం జరిగిందో చూడాలి. అన్న పోయాక ముప్పై ఏళ్లకు పైగా ఆ పనిలోనే ఉన్నవాడు, మద్రాసులో హిందూ సాహిత్య సంఘం నడిపినవాడు, మెకంజీ ఆపిన పరిశోధన తనకు అప్పగిస్తే కొనసాగిస్తానని ప్రభుత్వానికి రాశాడు. ప్రభుత్వం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయం అడిగింది. 1836లో సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ ఇచ్చిన జవాబు స్పష్టంగానే ఉంది. లక్ష్మయ్యే కాదు, ఏ దేశీయుడికీ అంతటి పనికి తగిన అర్హత ఉందని చెప్పలేమన్నాడు. బ్రాహ్మీ లిపిని విప్పిన వాడిగా మరో రెండేళ్లలో లోకమంతా పొగడబోయే మనిషి అన్న మాట ఇది. ఆ లిపి విప్పడానికి అతనికి కావలసిన శాసనాల నకళ్లను దేశం నలుమూలల నుంచీ తెచ్చిచ్చిన చేతుల్లో దేశీయుల చేతులు తక్కువేమీ కాదు. పాత కాగితాల్లో ఎదురయ్యే అన్యాయాలు చాలావరకు మర్యాదగా, చక్కని వాక్యాల్లో ఉంటాయి. ఇదీ అలాంటిదే.

మెకంజీ వ్రాతప్రతులను పరిశీలించే పని చివరికి రెవరెండ్ విలియం టేలర్‌కు దక్కింది. అతని నివేదికలు మద్రాసు సాహిత్య, విజ్ఞాన పత్రికలో వరసగా వచ్చాయి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మాత్రం శిథిలమవుతున్న తెలుగు కైఫియతులను నకళ్లు తీయించి బైండు చేయించాడు. స్థానిక చరిత్రలుగా పేరుపడ్డ ఆ సంపుటాలు మద్రాసు ప్రాచ్య లిఖిత భాండాగారంలో నిలిచాయి. తెలుగునేల మీద ఊరి చరిత్ర రాయబోయే ప్రతివాడూ ఇప్పటికీ మొదట తట్టే తలుపు అదే. గుంటూరు, కడప ప్రాంతాల కైఫియతులు తర్వాతి కాలంలో పుస్తకాలుగా అచ్చయ్యాయి కూడా. కడప కైఫియతుల అచ్చులో అక్కడి బ్రౌన్ గ్రంథాలయం చేయి ఉంది.

ఈ పాత ఇంగ్లీషు పట్టికల్లో బొర్రయ్యను వెతకబోయేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. ఒకచోట బోరియా, ఇంకోచోట బోరియ్య. ఇంటిపేరు కావెల్లి అని ఉంటుంది. లక్ష్మయ్య అయితే లెచ్మయ్య, లెచ్మియా అని రెండు మూడు రూపాల్లో తిరుగుతాడు. అన్ని వర్ణక్రమాలూ పట్టుకుని వెతికితే బొర్రయ్య పేరు తగిలే చోట్లు తక్కువే. తమ్ముడి వ్యాసం అందులో అన్నిటికన్నా పొడుగైనది.